లినోకట్‌కు నూనె ఇంకు మంచిదా, నీళ్ళ ఇంకు మంచిదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పరకాలలో రెండు గదుల ఇంట్లో ఉంటూ ఆరు నెలలుగా లినోకట్, అంటే లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి (ఆ చెక్కిన ముక్కనే బ్లాకు అంటాం), ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే పని నేర్చుకుంటున్నారు. ఇప్పటిదాకా నీళ్ళతో కడిగే ట్యూబు ఇంకు వాడారు, ఎండలు ముదిరిన దగ్గర నుంచి ప్రింట్లు మచ్చలు మచ్చలుగా వస్తున్నాయి. నూనె ఇంకుకు మారాలా, ఉన్నదానితోనే సర్దుకోవచ్చా, మారితే ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉండగా ఆ వాసనలు, ఆ కడుగుళ్ళు ఎట్లా అన్నది మీ సందేహం. వచ్చే చలికాలానికి కొన్ని ప్రింట్లు అమ్మాలని, బట్ట సంచుల మీద కూడా అచ్చు వేయాలని ఉందని రాశారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. అమ్మకానికి వేసే ప్రింట్లకు నూనె ఇంకే వాడండి, అందులోనూ సబ్బు నీళ్ళతో కడిగితే పోయే రకం తీసుకోండి. మీ దగ్గర ఉన్న నీళ్ళ ఇంకును పారేయనక్కరలేదు, దానిని నమూనా ప్రింట్లకు, పాపతో కలిసి చేసే పనికి ఉంచుకోండి. సంచుల సంగతి వేరు, దానికి చివరలో వస్తాను.

నేను హన్మకొండలో పెండ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మిషన్ మీద పదకొండేళ్ళు పని చేశాను. ఆ తరువాత పదహారేళ్ళుగా లినో మీద, చెక్క మీద సొంతంగా అచ్చులు చెక్కుతున్నాను, సెలవుల్లో బడి పిల్లలకు నేర్పుతున్నాను. ఈ రెండు రకాల ఇంకుల దగ్గరా నేను తిన్న దెబ్బలే ఈ జవాబుకు ఆధారం.

చాలామంది ఈ రెండింటి మధ్య తేడా అంతా కడగడంలోనే ఉందనుకుంటారు, ఒకటి నీళ్ళతో పోతుంది, రెండోది గ్యాస్‌నూనెతో పోతుంది అని. కడగడం ఆ రోజు పని అయిపోయాక వచ్చే పావుగంట శ్రమ మాత్రమే. అసలు తేడా ఆరడంలో ఉంది. నీళ్ళ ఇంకు ఆరుతుంది, నూనె ఇంకు గట్టిపడుతుంది. నీళ్ళ ఇంకులో రంగుపొడిని పట్టి ఉంచేది బంక లాంటి పదార్థమో, యాక్రిలిక్ లాంటిదో అయి ఉంటుంది. అందులోని నీరు కొంత కాగితంలోకి ఇంకి, కొంత గాలిలోకి ఆవిరై పోగా మిగిలినది కాగితానికి అంటుకుంటుంది. నూనె ఇంకులో ఉండేది కాచి చిక్కబరచిన అవిసె నూనె, అంటే హార్డ్‌వేర్ దుకాణంలో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇచ్చేదాని జాతికి చెందినదే. అది ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని లోపల గొలుసుకట్టుగా ముడిపడి, మెల్లగా ఒక పొరగా మారుతుంది. కనుక నీళ్ళ ఇంకు ఎండకు, వేడిగాలికి వెంటనే లొంగిపోతుంది. నూనె ఇంకు మాత్రం తనకు కావలసిన రోజులు తాను తీసుకుంటుంది, మనం తొందరపెడితే వినదు.

ఇప్పుడు మన ఊళ్ళ వాతావరణం తీసుకోండి. ఇంకుల డబ్బాల మీద ఉండే సూచనలు చల్లటి దేశాల గదులను దృష్టిలో పెట్టుకొని రాసినవే ఎక్కువ. వరంగల్‌లో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు విషయం, పైగా అది పొడి వేడి. ఒక ఏప్రిల్‌లో ముప్పై మంది పిల్లలతో ఒక బడి వరండాలో లినోకట్ నేర్పాల్సి వచ్చినప్పుడు నీళ్ళ ఇంకు పట్టుకుపోయాను. పొద్దున పది దాటాక గాజు పలక మీద ఇంకు పరిచి రోలర్ తిప్పుతుంటే నాలుగైదు తిప్పుళ్ళ వరకు మెత్తగా సర్రుమని శబ్దం వచ్చింది, ఆ తరువాత ఆ శబ్దం ఆగిపోయి రోలర్ పలకకు అతుక్కుంటూ చిటచిటలాడడం మొదలుపెట్టింది. పలక అంచుల్లో ఇంకు అప్పటికే పొలుసులు కట్టింది. ఆ పొలుసులు రోలర్‌కు, రోలర్ నుంచి బ్లాకుకు ఎక్కాయి. పిల్లవాడు కాగితం పరిచి చెంచాతో రుద్దేలోపు బ్లాకు మీది ఇంకు సగం ఆరిపోయింది. వచ్చిన ప్రింటులో ఏనుగు వీపు అంతా తెల్లని చుక్కలే. మీరు మచ్చలు అంటున్నది నూటికి తొంభై పాళ్ళు ఇదే, మీ చెక్కుడులో గాని, మీ చేతిలో గాని లోపం లేదు.

దీనికి సర్దుబాట్లు ఉన్నాయి. మెడికల్ షాపులో దొరికే గ్లిసరిన్ చెంచాడు ఇంకుకు రెండు మూడు చుక్కలు కలిపితే అది తేమను పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే మాత్రం ప్రింటు రోజుల తరబడి జిగటగానే ఉండిపోతుంది. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది లోపల పని ముగించడం, ఫ్యాను, కూలరు గాలి నేరుగా పలక మీదికి రాకుండా చూసుకోవడం, సన్నని తుంపర వచ్చే స్ప్రే సీసా పక్కన పెట్టుకొని పలక మీద ఒక్కసారి చల్లడం, కాగితాన్ని కాస్త తడిపి అద్ది వాడడం కూడా పనికివస్తాయి. వీటన్నిటితో మీరు ఎండాకాలాన్ని గట్టెక్కించవచ్చు. అయితే ఇరవై ఒకేలాంటి ప్రింట్లు తీయాలంటే మొదటిదానికీ ఇరవయ్యవదానికీ ఇంకు చిక్కదనం మారకూడదు. ఎండాకాలంలో నీళ్ళ ఇంకుతో అది నాకు ఒక్కసారి కూడా సాధ్యపడలేదు.

ఇంకో కారణం సాలిడ్, అంటే ఇంకు ఖాళీ లేకుండా నిండుగా పడాల్సిన పెద్ద జాగా. గీతలు మాత్రమే ఉన్న బొమ్మ ఏ ఇంకుతో వేసినా కొంత వరకు గడిచిపోతుంది, పెద్ద నలుపు మైదానం ఉన్న బొమ్మలో ఇంకు గుణం బయటపడుతుంది. నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర సందర్భంలో చెక్కిన గాంధీ లినోకట్‌ను గుర్తు చేసుకోండి. నేపథ్యం మొత్తం నలుపు, కర్ర పట్టుకొని నడిచే మనిషి తెల్లని గీతల్లో ఉంటాడు. అటువంటి నలుపు నిండుగా, మఖమల్ బట్టలా పడాలంటే ఇంకు బ్లాకు మీద కాసేపు సజీవంగా ఉండాలి, కాగితం మీద చెంచా రెండు సార్లు తిరిగే దాకా ఓపిక పట్టాలి. నూనె ఇంకు ఆ ఓపిక ఇస్తుంది. కాగితం ఒక మూల ఎత్తి చూసి, తక్కువ పడిన చోట మళ్ళీ రుద్దుకునే వీలు ఉంటుంది. ప్రెస్సు లేకుండా ఇంట్లో చేత్తో రుద్ది తీసే మీలాంటి వారికి ఇది చిన్న లాభం కాదు.

రంగులు నింపే ఆలోచన ఉంటే నూనె ఇంకు తప్పనిసరి అనే చెబుతాను. ఒక సంవత్సరం కాకతీయ తోరణం, వేయిస్తంభాల గుడి, రామప్ప నంది మొదలైన వాటితో పన్నెండు ఆకుల క్యాలెండర్ చేస్తూ నల్లని గీతలు నీళ్ళ ఇంకుతో అచ్చు వేసి, లోపల కుంచెతో నీటి రంగులు నింపుదామనుకున్నాను. ఆరిన రెండు రోజుల తరువాత తోరణం వెనుక ఆకాశానికి నీలం పూస్తే, కుంచె తగిలిన చోటల్లా నలుపు కరిగి ఆకాశం బొగ్గు కడిగిన నీళ్ళలా తయారైంది. బంక మీద ఆధారపడిన ఇంకులు ఆరినా మళ్ళీ నీరు తగిలితే కరుగుతాయి. అరవై కాగితాలు పోయాయి. నూనె ఇంకు పూర్తిగా గట్టిపడిన తరువాత దాని మీద నీటి రంగు ఎంత పూసినా గీత చెక్కుచెదరదు.

అంత మాత్రాన నీళ్ళ రంగు తక్కువ జాతిది అనుకోవద్దు. మన పక్కనున్న చేర్యాల పటాల మీది రంగులు చెట్టు బంకలో కలిపినవే. జపాన్ వాళ్ళ చెక్క అచ్చులు నీటిలో కలిపిన రంగు, బియ్యపు గంజితో వేసినవే, ఆ పనితనానికి సాటి వచ్చేవి తక్కువ. కాని అక్కడ రంగును బ్లాకు మీద పూసేది కుంచెతో, ఇంకేది పొడవైన నారలున్న వాళ్ళ కాగితంలోకి. రోలర్‌తో పరిచి, పైన పొరగా నిలబెట్టే మన పద్ధతికి ఆ ఇంకు స్వభావం సరిపడదు. పనిముట్టు మారితే న్యాయం కూడా మారుతుంది.

ఇప్పుడు నూనె ఇంకు ఇబ్బందులు. ఇవి దాచిపెట్టి చెప్పడం మంచిది కాదు.

మొదటిది సమయం. నా గదిలో ఎండాకాలంలో రెండు మూడు రోజులకు చేతికి అంటకుండా ఆరే ప్రింటు, శ్రావణంలో ముసురు పట్టినప్పుడు వారం, పది రోజులు తీసుకుంటుంది. తాడు కట్టి క్లిప్పులతో ఒక్కొక్కటిగా వేలాడదీయాలి, ఎందుకంటే దానికి కావలసింది గాలి. తొందరపడి ఒకదాని మీద ఒకటి పేర్చితే కిందిదాని ఇంకు పైదాని వీపున దిగుతుంది, ప్రెస్సులో మేము దానిని సెట్ఆఫ్ అనేవాళ్ళం. రెండు మూడు రంగుల బ్లాకులు వేసేటప్పుడు ప్రతి రంగుకూ ఈ నిరీక్షణ తప్పదు. కనుక మీరు చలికాలంలో అమ్మాలనుకునే ప్రింట్లను దసరా నాటికే తీసి పెట్టుకోవాలి.

రెండవది వేడి. నూనె ఇంకు ఎండకు పలక మీదనే ఆరిపోదు గాని పలుచబడుతుంది. మే మధ్యాహ్నం అది జారుతూ సన్న గీతల్లోకి దిగి మూసేస్తుంది, కనురెప్పలు చెక్కిన చోట నల్లని ముద్ద మిగులుతుంది. ప్రెస్సులో దీనికి మెగ్నీషియం కార్బొనేట్ అనే తెల్లని పొడి చిటికెడు కలిపి గట్టిపరిచేవారు. జనవరిలో అదే ఇంకు బెల్లం పాకంలా బిగుసుకుంటుంది, అప్పుడు ఒక చుక్క అవిసె నూనె చాలు. ఒక్క చుక్క అంటే ఒక్క చుక్కే. నూనె ఎక్కువైతే కొన్నాళ్ళకు కాగితం వెనుక, గీతల చుట్టూ పసుపుపచ్చని వలయం కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో బొమ్మల చుట్టూ కనిపించే ఆ మరక ఇదే.

మూడవది, నేను అందరికీ రెండేసి సార్లు చెప్పేది, నూనె ఇంకు తుడిచిన గుడ్డలు. అవిసె నూనె ఆక్సిజన్ పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది, ఉండ చుట్టిన గుడ్డలో లోపలే పేరుకుంటుంది, నిప్పు ఎవరూ అంటించకుండానే అంటుకోవచ్చు. ఒక మే నెలలో నేను భోజనానికి వెళ్తూ గుడ్డలన్నీ అట్టపెట్టెలో కుక్కి పోయాను. సాయంత్రం వచ్చేసరికి గదిలో మాడిన ఆముదం లాంటి వాసన. పెట్టెలో చెయ్యి పెడితే పైగుడ్డ మామూలుగానే ఉంది, లోపలి ఉండ మాత్రం అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా ఉంది. వెంటనే బయటికి తీసి బకెట్లో ముంచాను. ఆ రోజు నుంచి గుడ్డలను బయట తీగ మీద విడివిడిగా ఆరేస్తాను, లేదా నీళ్ళు పోసిన మూత గల రేకు డబ్బాలో వేస్తాను. రెండు గదుల ఇల్లు, చిన్న పాప అన్నారు కనుక ఈ ఒక్క విషయంలో బద్ధకం వద్దు.

వాసన సంగతి. నిజానికి నూనె ఇంకుకు పెద్ద వాసన ఉండదు, వాసన వచ్చేది దానిని కడిగే గ్యాస్‌నూనె, టర్పెంటైన్ల నుంచే. అందుకే సబ్బుతో పోయే రకం అన్నాను. ఇవి అవిసె నూనెతో చేసినవే అయినా సబ్బు నీళ్ళు తగలగానే విడిపోయేలా తయారుచేస్తారు. వేల్స్ దేశపు క్రాన్‌ఫీల్డ్ కంపెనీ వారి కాలిగో సేఫ్ వాష్ ఈ కోవలోనిదే, నేను నాలుగేళ్ళుగా నలుపు అదే వాడుతున్నాను. ధర ఎక్కువే, కాని చిన్న ట్యూబు నలుపు మీకు చాలా ప్రింట్లకు వస్తుంది. ఇంకు ట్యూబులను, డబ్బాలను పాపకు అందకుండా పైన పెట్టండి. నూనె ఇంకుల్లో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లోహాల డ్రయ్యర్లు కలిపే అలవాటు ఉంది, అవి నోట్లోకి పోకూడదు.

మామూలు నూనె ఇంకు వాడినా గ్యాస్‌నూనె లేకుండా కడగవచ్చు. ముందు ఇంకును పాత కాగితంతో వీలైనంత తుడిచి, కాస్త పల్లి నూనె రాసి కరిగించి, ఆ తరువాత గిన్నెల సబ్బుతో కడిగితే పోతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అవిసె నూనె గట్టిపడే రకం, పల్లి నూనె ఆ విధంగా గట్టిపడదు. బ్లాకు మీద పల్లి నూనె జిడ్డు మిగిలితే అది మరుసటి ఇంకులో కలిసి, దానిని కూడా ఆరనివ్వదు. ఒకసారి సబ్బు దశ ఎగ్గొట్టి నేను తీసిన పదిహేను ప్రింట్లు మూడు వారాలైనా వేలికి నల్లగా అంటుతూనే ఉన్నాయి. కారణం తెలిసేసరికి ఇంకును తిట్టుకోవడం అయిపోయింది.

కడిగేటప్పుడు బట్టల సోడా, కాస్టిక్ లాంటి ఘాటైనవి లినోకు తగలనివ్వకండి. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ కనిపెట్టిన ఈ లినోలియం గట్టిపడిన అవిసె నూనెలో బెండు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద పరిచినది. క్షారం ఆ నూనెను తినేస్తుంది. కాస్టిక్‌తో లినోను కావాలనే తినిపించి గరుకుతనం తెచ్చే కళాకారులు కూడా ఉన్నారు, కాని అది కావాలని చేసినప్పటి మాట.

ప్రెస్సుల్లో దొరికే ఆఫ్‌సెట్ ఇంకు వాడవచ్చా అని మీరు అడగలేదు గాని, ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు, కనుక చెబుతున్నాను. కిలో డబ్బా చవక, నేను కూడా మొదట్లో అదే వాడాను. దాని జిగట ఎక్కువ, పలుచని కాగితాన్ని ఎత్తేటప్పుడు పైపొరను లాగేస్తుంది, కొద్దిగా అవిసె నూనె కలుపుకోవాలి. నలుపు వరకు నిశ్చింతగా వాడండి, ఎరుపు, పసుపు దగ్గర జాగ్రత్త పడండి. నలుపులో ఉండేది కార్బన్, అది వెలుతురుకు వెలవదు. నాలుగు రంగుల ముద్రణకు వాడే నీలం కూడా గట్టిదే. ఆ వరుసలోని గులాబీ ఎరుపు, పసుపు మాత్రం కరపత్రాలకు, పెండ్లి పత్రికలకు తగినవి, ఏళ్ళ తరబడి గోడ మీద ఉండడానికి తగినవి కావు. నేను ఒక మిత్రుని ఇంటికి ఇచ్చిన బతుకమ్మ ప్రింటులో తంగేడు పసుపు, ఎరుపు పూలు రెండు ఎండాకాలాలకు పాలిపోయి, ఆకుల్లో నీలం ఒక్కటే మిగిలింది, గీతలు మాత్రం నిన్న అచ్చు వేసినట్టే ఉన్నాయి. డబ్బు తీసుకొని ఇచ్చే ప్రింటుకు ఆ గతి పట్టకూడదు. రంగులు కొనేటప్పుడు వెలుతురుకు నిలిచే గుణం రాసి ఉన్న కళాకారుల ఇంకులే తీసుకోండి.

లినో కాకుండా చెక్క మీద, ఎండీఎఫ్ (చెక్క నారను అదిమి చేసే పలక) మీద చెక్కే ఉద్దేశం ఉంటే నీళ్ళ ఇంకు ఇంకా దూరం. తడికి చెక్క నార లేస్తుంది, ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి.

సంచుల విషయానికి వస్తే, మీ దగ్గరున్న ట్యూబు ఇంకుతో బట్ట మీద వేయవద్దు, మొదటి ఉతుకులోనే పోతుంది. నూనె ఇంకు బట్టకు బాగానే పడుతుంది, కాని ఉతకడానికి ముందు కనీసం రెండు వారాలు ఆరనివ్వాలి, బట్టకు ముందే గంజి వదిలించాలి. ఎక్కువ సంచులు వేయాలంటే బట్టల అచ్చుకు వాడే, ఇస్త్రీ వేడితో పట్టే పిగ్మెంట్ రంగులే మేలు. అవి నీటితో కలిపేవే, స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని రోలర్ కంటే స్పాంజితో అద్ది బ్లాకుకు ఎక్కిస్తే సమంగా పడతాయి.

చివరగా మీ పాత ట్యూబు. చెక్కుతూ మధ్య మధ్యలో బొమ్మ ఎట్లా వస్తుందో చూసుకోవడానికి దానినే వాడండి, పావుగంటలో కడుక్కొని మళ్ళీ ఉలి పట్టవచ్చు. అయితే ఆ తడి బ్లాకు మీద అదే పూట నూనె ఇంకు ఎక్కించకండి. లినో వెనుకనున్న జనపనార గుడ్డ నీళ్ళు తాగి ఉంటుంది, గీతల అడుగున కూడా తేమ నిలుస్తుంది, నూనె ఇంకు ఆ తడి తగిలిన చోట పట్టక సూది మొనల్లాంటి తెల్లని చుక్కలు వదులుతుంది. రాత్రంతా నిలువుగా గోడకు ఆనించి ఆరబెట్టి, తెల్లవారి అసలు ప్రింటు తీయండి.